మైక్రోవేవ్ ఓవెన్ నోరు తెరిచిన రోజు

ఒకప్పుడు ఎటు చూసినా మైక్రోవేవ్ ఓవెన్ ప్రకటనే. టీవీ పెడితే అదే, పేపరు విప్పితే అదే. బస్సు వెనకాల అదే, సినిమా హాల్లో విశ్రాంతి వేళ అదే. ఒక సినిమా తార పట్టుచీర కట్టుకుని ఓవెన్ తలుపు తీసేది. లోపల్నుంచి కోడి బిర్యానీ, గుత్తివంకాయ కూర, జీడిపప్పు పాకం వరసగా బయటికి వచ్చేవి. ఆవిడ నుదుటి మీద ఒక్క చెమట చుక్క ఉండేది కాదు.

ఆ రోజుల్లో వస్తువులు కూడా మనలాగే మాట్లాడేవి. పొయ్యిలో మంట మాట్లాడేది. గిన్నెలు మాట్లాడేవి. మిక్సీ అయితే ఒక పట్టాన నోరు మూసేదే కాదు. ఒక్క మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం టింగుమని ఊరుకునేది. దాని తరపున మాట్లాడటానికి బోలెడుమంది జీతగాళ్ళు ఉండేవారు మరి.

ఆ జీతగాళ్ళలో ఒకావిడ త్రిపుర. ఏలూరులో ఉండేది. ‘చిటిక’ అనే ఓవెన్ల కంపెనీ ఆవిణ్ణి పనిలో పెట్టుకుంది. వీధి వీధికీ వెళ్ళి, ఎవరో ఒకరి ఇంట్లో ఆడవాళ్ళందర్నీ పోగుచేసి, ఓవెన్‌లో గుత్తివంకాయ కూర వండి చూపించడం ఆవిడ పని.

త్రిపుర చేతి వంకాయ కూర తిన్నవాళ్ళు మళ్ళీ కంచం చాపకుండా ఉండలేరు. కానీ ఆ కూరలో ఒక గుట్టు ఉంది. అది ఓవెన్‌లో వండింది కాదు.

ఆ గుట్టు నేర్పింది ఫణిభూషణ్. కంపెనీ ప్రకటనలన్నీ రాసేది ఆయనే. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని హైదరాబాదు నుంచి వచ్చి, మొదటిరోజే త్రిపురని కూర్చోబెట్టి చెప్పాడు.

“చూడమ్మా, ఓవెన్‌లో పోపు చిటపటలాడదు. ఉల్లిపాయ ఎర్రగా వేగదు. కాబట్టి నువ్వు పొద్దున్నే మీ ఇంట్లో పొయ్యి మీద కూర వండేసి డబ్బాలో పెట్టుకుని వెళ్ళు. వాళ్ళ ముందు పచ్చి వంకాయలు ఓవెన్‌లో పెట్టు. తర్వాత లక్కీ డ్రా అని చీటీలు పంచు. అందరూ తలొంచుకుని పేర్లు రాసుకుంటారు. ఆ సందులో గిన్నె మార్చెయ్యి.”

“అది మోసం కదండీ?” అంది త్రిపుర.

“మోసం కాదు, ప్రదర్శన,” అన్నాడు ఫణిభూషణ్.

అలా రోజూ తెల్లవారగానే త్రిపుర వంకాయలు కోసేది. ధనియాలు వేయించేది, కారం దంచేది. పొయ్యిలో మంటకి ఇదంతా ఒళ్ళు మండిపోయేది.

“వేయించింది నేను. మగ్గబెట్టింది నేను. చెయ్యి కాలింది నీకు. మెప్పు మాత్రం ఆ పెట్టెకి,” అనేది మంట.

“ఊరుకో. ఉద్యోగం,” అనేది త్రిపుర.

“నీకు కోపం రాదా?”

“వస్తుంది. డబ్బా మూత పెట్టేశాక తగ్గుతుంది.”

నిజానికి తగ్గేది కాదు. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు కూర నోట్లో పెట్టుకుని, “అబ్బ, ఓవెన్ వంట ఎంత బావుందో,” అనేవారు.  ఒకసారి త్రిపుర ఉండబట్టలేక, “కారం నేనే దంచానండీ,” అంది. “దంచడానికేముంది, ఎవరైనా దంచుతారు. వండింది ఓవెన్ కదా,” అంది ఆ ఇంటావిడ, ఇంకో కాయ వేసుకుంటూ.

ఊళ్ళో అందరూ ఓవెన్లు కొన్నారు. కొన్నవాళ్ళందరూ బిర్యానీ పెట్టారు. పైన పలుకు, అడుగున జిగురు. వంకాయలు రబ్బరు బంతుల్లా వచ్చాయి. కానీ ఎవరూ బయటికి చెప్పలేదు. పక్కింటావిడకి బాగానే వస్తోంది కాబోలు, లోపం తన దగ్గరే ఉంది కాబోలు అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. “మీ ఓవెన్ ఎలా ఉంది వదినా?” అని ఒకరు అడిగితే, “నిన్న బిర్యానీ చేశాను, మా ఆయన గిన్నె నాకేశారు,” అని ఇంకొకరు చెప్పేవారు. చెప్పి ఇంట్లోకి వెళ్ళి, చల్లారిన కాఫీ అందులో వేడి చేసుకుని తాగేవారు. దాని మీద లేసు గుడ్డ కప్పి, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు పెట్టేవారు.

కొన్నాళ్ళకి, కొనాల్సినవాళ్ళందరూ కొనేశారు. అమ్మకాలు పడిపోయాయి. ఇంటికో ఓవెన్ చాలదని, రెండోది కూడా కొనిపించాలని ఫణిభూషణ్ ఒక ఆలోచన చేశాడు. ఊళ్ళో పెద్ద కల్యాణ మండపం తీసుకున్నాడు. టీవీ వాళ్ళని పిలిచాడు. వేదిక మీద పెద్ద ఓవెన్ పెట్టించి, దానికి పూలదండ వేయించాడు. “ఈ ఒక్క పెట్టెలో పెళ్ళి భోజనం” అని గుడ్డ మీద రాయించి వెనకాల కట్టించాడు.

ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చారు. ముందు వరసలో వరహాలమ్మ మామ్మగారు కూర్చుంది. ఆవిడకి డెబ్భై ఏళ్ళు దాటాయి. కోడలు కొన్న ఓవెన్‌తో మూడేళ్ళుగా కుస్తీ పడుతోంది.

త్రిపుర పచ్చి వంకాయలు ఓవెన్‌లో పెట్టింది. ఫణిభూషణ్ మైకు పట్టుకుని చీటీలు పంచమన్నాడు. అందరూ తలలొంచి పేర్లు రాయడం మొదలుపెట్టారు. వరహాలమ్మకి చత్వారం. పైగా ఆ రోజు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయింది. దగ్గరున్న చీటీ ఆవిడకి కనపడలేదు. దూరంగా ఉన్న వేదిక మాత్రం శుభ్రంగా కనపడింది. బల్ల గుడ్డ కిందనుంచి త్రిపుర గిన్నె తీయడం, ఓవెన్‌లో పెట్టడం కూడా కనపడింది.

“అమ్మాయ్, ఆ గిన్నె ఎక్కడిది?” అంది వరహాలమ్మ.

మండపంలో అందరూ తలెత్తారు. త్రిపుర చేతులు అక్కడే ఆగిపోయాయి.

“ఓవెన్‌లో వండిందేనండి మామ్మగారూ,” అన్నాడు ఫణిభూషణ్, నవ్వు చెదరకుండా.

“నిన్ను అడగలేదు బాబూ. ఆ పిల్లని కూడా అడగను, ఉద్యోగం చేసుకుంటోంది. ఆ పెట్టెనే అడుగుతాను. ఏమమ్మా ఓవెనూ, ఈ కూర నువ్వు వండావా?”

ఓవెన్ పుట్టి ఇన్నేళ్ళయింది. దాన్ని ఒక్క మాట అడిగినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు. అది కాసేపు గుర్రుమని, టింగుమని, మెల్లగా తలుపు తెరిచింది.

“లేదండి మామ్మగారూ,” అంది. “నాకు వేయించడం రాదు. పదార్థంలో ఉన్న నీటిని గబగబా కదిలిస్తాను. ఆ కదలికకి అది వేడెక్కుతుంది. నాకు బాగా వచ్చిన పని అదే. కాఫీ వేడి చేస్తాను. నిన్నటి సాంబారు వేడి చేస్తాను. బిర్యానీ చేస్తానని నేను ఎన్నడూ అనలేదు. నన్ను పక్కన పెట్టుకుని వీళ్ళన్నారు.”

ఫణిభూషణ్ పరుగున వెళ్ళి తలుపు వేసేశాడు. అది టింగుమని మళ్ళీ తెరుచుకుంది.

ఆయన త్రిపుర వైపు తిరిగి, పళ్ళ బిగువున, “ఓవెన్‌కి మతి పోయిందని చెప్పు. చెప్పకపోతే రేపట్నుంచి నీకు పని లేదు,” అన్నాడు. మైకు ఆపడం మర్చిపోయాడు. ఆ మాట చివరి వరస దాకా వినపడింది.

త్రిపుర గిన్నె వైపు చూసింది. పని పోతే ఇల్లు గడవడం కష్టమని ఆవిడకి తెలుసు. తల ఊపితే రేపు పొద్దున్న మళ్ళీ వంకాయలు కొయ్యొచ్చు, మళ్ళీ గిన్నె దాచొచ్చు. ఆ ఆలోచనకే ఆవిడకి నీరసం వచ్చింది.

“దానికి మతి బాగానే ఉందండి,” అంది. “కూర నేను వండాను. కారం నేనే దంచాను. ఇన్నాళ్ళూ మీరందరూ తిన్నది నా వంటే.”

 మూడో వరసలోంచి ఒకావిడ లేచి, “అయితే మా ఇంట్లో బిర్యానీ జిగురుగా రావడం నా తప్పు కాదా?” అంది. “నీకూ అలాగే వచ్చిందా?” అంది పక్కావిడ. “గిన్నె నాకేశారన్నావు కదా వదినా?” అంది ఇంకొకావిడ. “మీరు జీడిపప్పు పాకం చేశానని అనలేదా?” అందా వదిన. మండపమంతా ఒకటే గోల, నవ్వులు.

వరహాలమ్మ చెయ్యెత్తింది. “సరే, కాఫీ ఎంతమంది వేడి చేసుకుంటున్నారు?”

అన్ని చేతులూ లేచాయి. టీవీ వాళ్ళ కెమెరా పట్టుకున్నాయన చెయ్యి కూడా లేచింది.

“మరి దీన్ని పారేస్తారా?”

“ఎందుకు పారేస్తామండీ మామ్మగారూ? కాఫీ చల్లారిపోతుంది కదా,” అన్నారు అందరూ.

జనం వెళ్ళిపోయాక ఓవెన్ త్రిపురతో, “నా వల్ల నీ పని పోయింది, ఏమీ అనుకోకు,” అంది. “నా వల్ల నీ పరువు పోయింది, నువ్వూ ఏమీ అనుకోకు,” అంది త్రిపుర. ఇద్దరికీ ప్రాణం తేలికపడింది.

మర్నాటి నుంచే వీధి ఆడవాళ్ళు కూర కొనుక్కోవడానికి క్యారేజీలు పట్టుకుని త్రిపుర గుమ్మంలోకి వచ్చారు. ఈసారి కూర రుచి చూసి, “మీ చెయ్యి మంచిదమ్మా,” అన్నారు. పొయ్యిలో మంట గర్వంగా ఇంకో అంగుళం లేచింది.

ఫణిభూషణ్ మాత్రం వదల్లేదు. నిజం చెప్పి కూడా అమ్మొచ్చునేమో చూద్దామని కొత్త ప్రకటన రాశాడు. “చిటిక ఓవెన్: నిన్నటి సాంబారు వేడి చేసుకోండి” అని. సినిమా తార అది చదివి, “నిన్నటి సాంబారు పక్కన నేను నిలబడనండి,” అని కారెక్కేసింది. కంపెనీ యజమాని చదివి, “ఇది అందరికీ తెలిసిందే కదయ్యా. తెలిసిన సంగతి చెప్పడానికి మనం ఖర్చు పెట్టాలా?” అన్నాడు.

ఫణిభూషణ్ కళ్ళద్దాలు తుడుచుకుని బయటికి నడిచాడు. వీధి చివర ఇంకో కొత్త పెట్టె కనపడింది. నూనె లేకుండా గారెలు వేయిస్తానని దాని మీద రాసి ఉంది. దానికింకా నోరు రాలేదు. ఆయన సంతోషంగా దాని పక్కన కూర్చుని కలం తీశాడు.

అప్పటినుంచే మైక్రోవేవ్ ఓవెన్‌కి ప్రకటనలు కరువయ్యాయి. అది వంటింటి మూల కూర్చుని నోరు మెదపకుండా కాఫీ వేడి చేస్తూనే ఉంది. తన గురించి తానే నిజం చెప్పేసుకున్న వస్తువు పక్కన పట్టుచీర కట్టుకుని నిలబడటానికి మాత్రం ఇవాళ్టికీ ఎవరూ రావడం లేదు.