వెన్ను చూపని మేయరు

మార్చి పందొమ్మిది, ఏసును పెంచిన తండ్రి జోజప్ప గారి పండుగ, పొద్దున పది గంటలు. ఇటలీలో మోంతెలూచే అనే కొండ ఊరి కూడలికి మేయరు ఓర్లాందో గారు కొలత తాడు పట్టుకుని వచ్చాడు. వీధి పెద్దగా మొదలై మేయరైనవాడు, ఇప్పుడు పార్లమెంటుకు నిలబడుతున్నాడు. ఈలోగా కూడలి నడుమ తన విగ్రహం నిలపాలని ఆయన ముచ్చట.

సరిగ్గా అక్కడే బెనెడెట్టమ్మ రొట్టెల పొయ్యి ఉంది. ఊరంతా పిండిముద్దలు తెచ్చి కాల్చుకునేది. ఆ రొట్టెల వాసనకే ఊరు నిద్ర లేచే రోజులవి. పొయ్యి పోతే ఆమె ఇంట్లో కూడు లేదు.

"పొయ్యి తీయించెయ్ అవ్వా, రేపే పని మొదలు."

"అలాగే నాయనా," అంది ఆమె చేతుల పిండి దులుపుకుంటూ. "మరి విగ్రహం ముఖం ఎటు?"

"చర్చి వైపు."

"అయితే వీపు సంత వాళ్లకన్నమాట. 'మీకు ఏనాడూ వెన్ను చూపను' అనే కదయ్యా ఓట్లడిగావు?"

"ఏం, మేమే దొరికామా?" అని సంతలోంచి లేచింది కూరగాయలామె.

"పోనీ, సంత వైపే తిప్పిస్తా."

"పండుగ పూట దేవుడికి వీపా!" అంది బెనెడెట్టమ్మ.

నేతగాళ్ల వీధికేసి తిప్పితే కుమ్మరి వీధి అలుగుతుంది.

"బతికున్నావు కనుక నాలుగు వైపులా తిరిగి దణ్ణాలు పెడుతున్నావు. రాయి తిరగలేదు కదా నాయనా!"

మేయరు చుట్టూ చూశాడు. ఎటు చూసినా ఓట్లే. నవ్వేసి తాడు చుట్టుకున్నాడు. "పొయ్యే ఉండనీ అవ్వా. గుండ్రటిది, దానికి వీపు లేదు."

మర్నాడు తెల్లవారుజామున బెనెడెట్టమ్మ ఇంట్లో జోజప్ప పటం ముందు దీపం పెట్టి, మొదటి వాయి రొట్టె మేయరుకు పంపారు. అది చేతికిచ్చిన అవ్వ కోడలు, ఆయనకు వీపు తిప్పకుండా వెనక్కి వెనక్కే నడిచి గుమ్మం దాటింది.