పరాంకుశం గారు వదిలిన డబ్బీ

"స్వామీ, ఒక వస్తువును పూర్తిగా వదిలేశామని ఎప్పుడు తెలుస్తుంది?" అని పరాంకుశం గారు అడిగారు.

ఆ ప్రశ్న అడిగే అర్హత ఆయనకు దండిగా ఉంది. డ్రిల్లు మాస్టారుగా రిటైరై, హార్సిలీ కొండ దిగువన ఉన్న మా ఆశ్రమానికి వచ్చిన రెండేళ్ళలో ఉల్లి వదిలారు, కాఫీ వదిలారు, ముప్ఫై ఏళ్ళు దువ్విన మీసం వదిలారు. వదిలిన ప్రతిసారీ నలుగురికి తక్కువ కాకుండా చెప్పారు. ఆయాసం ఒక్కటే ఆయన్ని వదల్లేదు. అందుకే మొలలో ఎప్పుడూ ఇన్‌హేలర్ ఉండేది. ఆ ఉదయం దాని డబ్బీ మీద, ఇంకెన్నిసార్లు పీల్చొచ్చో చూపే అంకె సున్నాకు వచ్చింది. దాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి, చేతులు దులుపుకుని, ఈ ప్రశ్నతో వచ్చారు. "అదిగో, అట్లా వదిలాను. తిరిగి కూడా చూడలేదు," అన్నారు.

మా ఆశ్రమంలో అతిథి వెళుతుంటే గుమ్మంలోంచి చెయ్యి ఊపితే సరిపోదు. బస్సెక్కించి, అది మలుపు తిరిగాకే వెనక్కి రావాలి. నిర్మలబోధ స్వామివారు నవ్వి, "నెలంతా నీకు ఊపిరిచ్చింది కదా నాయనా, సాగనంపి రా," అన్నారు.

అప్పుడే ఊళ్ళో చెత్త ఎత్తే మునెమ్మ పంచాయతీ బండి తోసుకుంటూ వచ్చి బుట్ట ఖాళీ చేసుకుంది. గురువాజ్ఞ కాబట్టి పరాంకుశం గారు బండి వెనకే నడిచారు.

"ఏం సామీ, ఉంగరమేమన్నా పడిపోయిందా?"

"లేదమ్మా. సాగనంపుతున్నాను."

"చెత్తనా?"

"అవును."

మునెమ్మ బండి ముందుకు తోసింది. ఆశ్రమం వాళ్ళను ఎక్కువ అడగకూడదని ఆమెకు అనుభవం.

ఊరి బయట గుంటలో బండి బోర్లించి, ఎండుటాకులు కప్పి, ఆమె అగ్గిపుల్ల గీసింది. "దూరంగా నిలబడు సామీ. పోయిన నెల ఇట్లనే అగ్గి పెడితే ఏదో డబ్బీ డమాలనింది. ఈ పక్క కనుబొమ్మ చూడు, కాటికతో గీసుకున్నది. రవ్వంత ఇటు తగిలుంటే కన్నే పోయుండు."

"ఎలాంటి డబ్బీ?"

"బొటనవేలంత ఉండె. మీ చెత్తలోదే."

పరాంకుశం గారి మొహం మాడిపోయింది. "ఆ పుల్ల ఆర్పమ్మా, ఆర్పు," అంటూ మోకాళ్ళ మీద పడి, చేతులు మోచేతుల దాకా కుప్పలో దించారు. అరటితొక్కలు, పాచిపోయిన సాంబారు, ఎవరిదో తెగిన చెప్పు దాటాక కాగితప్పొట్లం దొరికింది. తిరిగి కూడా చూడలేదన్న మనిషి దాన్ని రెండు చేతులా పట్టుకుని పైకి లేచారు.

"పోయిన నెలదీ నాదేనమ్మా," అన్నారు.

మునెమ్మ ఆర్పిన పుల్లను పక్కన పడేసింది. "నీదా? నేను టపాకాయనుకుని ఊళ్ళో పిల్లోళ్ళనందర్నీ తిట్టిపోసినానే. ఇప్పుడు ఇంటింటికీ పోయి నేనేం చెప్పల్ల?"

"నేనూ వస్తాను."

"ముందు చేతులు కడుక్కో సామీ. నిన్నెవురూ గడప తొక్కనియ్యరు."

కడుక్కున్నా వాసన పోలేదు. ఇళ్ళన్నీ తిరిగొచ్చాక, డబ్బీని ఎక్కడ వెయ్యాలో కనుక్కుందామని ఎక్కిన మదనపల్లె బస్సులో జనం ఒక సీటంతా ఆయనకే వదిలారు. మెడికల్ షాపు ఖాసిం డబ్బీని ఊపి చూశాడు. "సున్నా అంటే మందు అయిపోయిందని సార్, లోపలి గ్యాస్ అయిపోయిందని కాదు. కాలిస్తే పేలుతుంది. పారేస్తే మెల్లగా కారి, భూమికి ఉన్న వేడి చాలదన్నట్టు ఇంకాస్త పెంచుతుంది. ఇట్లాంటివి నా దగ్గరికి తెచ్చెయ్యండి," అంటూ ఖాళీవి వేసే పెట్టె చూపించాడు. ఆస్పత్రి వ్యర్థాల బండి సాయంత్రం వచ్చి ఆ పెట్టెను తీసుకుపోయి, గ్యాస్ బయటికి రాకుండా కాల్చే మూసిన కొలిమికి చేరుస్తుందట. పరాంకుశం గారు డబ్బీని పెట్టెలో వేసి, బండి వచ్చేదాకా షాపు మెట్ల మీదే కూర్చుని, అది మలుపు తిరిగేదాకా నిలబడి చూశారు.

బాగా చీకటి పడ్డాక వచ్చి స్వామివారి ముందు కూర్చున్నారు. ఈసారి నలుగురికి చెప్పలేదు. నెమ్మదిగా, "అయింది స్వామీ. ఇంకేం వదలమంటారు?" అన్నారు.

"కొత్తగా ఏమీ వద్దు," అన్నారు స్వామివారు. "ఇదివరకు వదిలినవి ఎవరెవరి మీద పడ్డాయో చూసి రా. తొందరేం లేదు."