నీళ్లు కలపని రెడ్డెప్ప

“సామీ, ఉన్న నిజాన్ని ఉన్నట్టు చెప్తే మనిషికి మేలు జరగాల గదా? మా అక్కకు కీడెట్ల జరిగింది?”

అడిగినవాడు రెడ్డెప్ప. పాల వ్యాపారం వాళ్ల ఇంటి వృత్తి. అడిగింది తన గురువు చెంగల్రాయ సామిని. సామి నలుగురికి గురువు కాకముందు ఘాట్ రోడ్డు మీద లారీ తోలినవాడు. అందుకేనేమో, కూర్చున్నచోట జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఎంత పెద్ద సందేహం తెచ్చినా, తెచ్చినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి బయలుదేరేవాడు.

“ఏం చెప్పినావురా ఆమెకు?”

“మీరు నాకు చెప్పిందే సామీ. వచ్చినోళ్లు పోక తప్పదు, పోయింది ఒళ్లే గానీ మనిషి గాదు, ఏడ్చేదంతా అజ్ఞానమని చెప్పినా. ఒక్క ముక్క తగ్గించలేదు.”

రెడ్డెప్ప అక్క నాగరత్నమ్మకు మొగుడు పోయి ఇంకా నెల తిరగలేదు. తమ్ముడు ఈ బోధ చేసింది శవం లేచిన మర్నాడే. ఆనాటి నుంచి ఆమె అతనితో మాట మానేసింది. మాట పోతే పోయింది, అన్నం కూడా మానేసింది. ఇరుగుపొరుగు బలవంతం చేస్తే గుక్కెడు మజ్జిగ తాగుతుంది. తల్లి లేని తనను ఎత్తుకుని పెంచిన అక్క అలా చిక్కి సగమైపోతుంటే రెడ్డెప్పకు కంటిమీద కునుకు లేదు. పాపం, అతని ప్రేమకు వంక పెట్టడానికి లేదు.

సామి పంచె ఎగగట్టి, “పద, అక్క దగ్గరికే పోదాం” అంటూ అతని మోటార్ సైకిల్ వెనక ఎక్కి కూర్చున్నాడు.

అక్క ఊరు కొండమీద ఉంది. సగం ఘాట్ ఎక్కేసరికి బండి గుంజడం మానేసింది. ఇంజిను వేడెక్కిందని ఎర్రదీపం వెలిగింది. “నిన్ననే కదా సామీ, ఇంజిను చల్లబరిచే మందు, ఆ కూలెంట్ మార్చినా! ఉన్నదాంట్లో మంచిది చూసి కొన్నా” అంటూ రెడ్డెప్ప గబగబా దిగి రేడియేటర్ మూతమీద చెయ్యి వేయబోయాడు. సామి ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

“ఉడుకుతా ఉన్నప్పుడు మూత తియ్యగూడదు.”

ఇంజిను ఆపి, బండిని వచ్చినదారినే మెల్లగా దిగువకు జారనిస్తూ కొండ మొదట్లో ఉన్న లారీల షెడ్డుకు చేరారు. బండి చల్లారేదాకా నీడన కూర్చున్నారు. అప్పుడు అడిగాడు సామి, కూలెంట్‌లో నీళ్లు ఎంత కలిపినావని.

రెడ్డెప్పకు పౌరుషం వచ్చింది. “నీళ్లా! సగానికి సగం కలపమని సీసామీద రాసినారు, చదివినా. మా ఇంట్లో నీళ్లు కలిపే అలవాటు తాతల కాడి నుంచి లేదు సామీ. పాలక్యానులో వానచినుకు పడితే మా నాయన ఆ పాలు దూడకు పోసేటోడు. నేనూ అచ్చమైన మందే పోసినా.”

సామి నవ్వు ఆపుకోలేకపోయాడు. షెడ్డులో బ్యాటరీలకు పోసే నీళ్లు అడిగి తెచ్చి, తానే నేలమీద కూర్చుని, బండిలోని మందు సగం దించి, ఆ మేరకు నీళ్లు పోశాడు. రెడ్డెప్ప ముఖం చూడాలి అప్పుడు! తన పాలకే ఎవరో కల్తీ చేస్తున్నట్టు విలవిల్లాడిపోయాడు.

“వేడిని మోసుకొని పోయేది నీళ్లేరా” అన్నాడు సామి చేతులు తుడుచుకుంటూ. “ఆ నీళ్లు మరిగిపోకుండా, లోపల తుప్పు పట్టకుండా కాసేది మందు. మందొక్కటే పోస్తే, అంత వేడి అది మొయ్యలేదు.”

బండి ఈసారి మారాం చెయ్యకుండా కొండ ఎక్కింది. నాగరత్నమ్మ తలుపు ఓరగా తీసి, తమ్ముణ్ణి చూడగానే ముఖం గంటు పెట్టుకుంది. “మళ్లా బోధ చెప్పేదానికి వచ్చినావా?”

రెడ్డెప్ప ఒక అడుగు వెనక్కి వేశాడు. సామి ముందుకు వచ్చాడు. “లేదు తల్లీ. ఎండన పడి వచ్చినాం. ఆకలైతా ఉంది.”

ఆకలన్నాక తలుపు వేసుకునే ఇల్లు ఆ కొండమీద లేదు. ఆమె లోపలికి పోయి, చాన్నాళ్లుగా చల్లగా పడివున్న పొయ్యి ముట్టించింది. సంగటి కెలికింది. అందులోకి చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి నూరుతూ నూరుతూ, ఎవరూ అడక్కుండానే మొగుడి సంగతి ఎత్తుకుంది. ఆయనకు మిరపకాయలు ఎక్కువ పడాలట. కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఇంకొంచెం వెయ్యమనేవాడట. అంతవరకు చెప్పి, ఆపైన చెప్పలేకపోయింది. రెడ్డెప్ప ఏదో అనబోయి నోరు తెరిచాడు.

“తమ్ముడికి ఇంకో ముద్ద వెయ్యి తల్లీ” అన్నాడు సామి.

ఆమె ముద్ద వేసింది. వేస్తూ అక్కడే కూలబడి భోరుమంది. రెడ్డెప్ప ఎంగిలిచేత్తోనే కూర్చుని తానూ ఏడ్చాడు, అజ్ఞానమన్న సంగతే గుర్తురాలేదు. చాలాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, గిన్నెలో మిగిలిన సంగటి తన ముందుకు లాక్కుంది. తిన్నది నాలుగు ముద్దలైనా లేదు. కానీ తిన్నది. రెడ్డెప్పకు ప్రాణం లేచివచ్చింది.

కొండ దిగుతుంటే అతను ఉండబట్టలేకపోయాడు. “సామీ, అక్కకు మీరు ఒక్క మంచిమాటన్నా చెప్పలేదే! రేపు నేనొక్కణ్ణే పోతే ఏం చెప్పేది?”

సామి వెనక నుంచి అతని భుజంమీద చెయ్యివేసి అన్నాడు:

“ఆకలితో పో.”