బెట్టకు నిలిచిన గింజ

అనగనగా సిరిమడుగు అనే రాజ్యం. దానికో రాజు, రాజుకు ముగ్గురు కొడుకులు. ఆ రోజుల్లో అక్కడ వరి తప్ప మరో పైరు పేరెత్తితే నవ్వేవాళ్లు. చెరువు తూము కింది మడిలో కడుపునిండా నీళ్లు తాగి బలిసిన కంకులనే ఏటేటా విత్తనానికి తీసేవాళ్లు. చల్లని కాలం, తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

అలాంటి చోట మూడేళ్లు చినుకు పడలేదు. చెరువు నెర్రెలిచ్చింది. జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లు విడవసాగారు. ఏడు సముద్రాల అవతల జటాలుడనే మాంత్రికుడు మబ్బులను గుహలో దాచాడని అందరూ చెప్పుకున్నారు. మబ్బులు తెస్తానని పెద్దవాడు వెళ్లాడు, రాయైపోయాడు. నడిపివాడు వెళ్లాడు, వాడూ రాయైపోయాడు. ఇక మిగిలింది చిన్నవాడు రత్నాంగుడు.

రత్నాంగుడు ఒడ్డున కనిపించిన తాబేలు వీపెక్కి ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందని ఆ తాబేలే చెప్పింది. తాటిచెట్టు తొర్రలో చిలక దొరికింది. దాని మెడ పట్టుకునేసరికి జటాలుడు కాళ్లబేరానికి వచ్చాడు, రాళ్లయిన అన్నలను మళ్లీ మనుషులను చేశాడు.

“మబ్బులేవి?” అన్నాడు రత్నాంగుడు.

“మబ్బులు నా చేతిలో ఎప్పుడున్నాయి నాయనా? ఎవరో ఆ పుకారు పుట్టించారు. పేరొస్తుంది కదా అని నేను కాదనలేదు” అన్నాడు మాంత్రికుడు నీళ్లు నములుతూ.

ఇంత దూరం వచ్చింది ఇందుకా అని రాకుమారుడికి ఏడుపొచ్చింది. అప్పుడు చిలక నోరు విప్పింది.

“మెడ వదులు, ఒక సంగతి చెబుతాను. ఇక్కడా మూడేళ్లుగా కరువే. నేనేమైనా చిక్కిపోయానా, చూడు. నా మేత ఎక్కడుందో చూపిస్తా.”

చిలక వాళ్లను గులకరాళ్ల గుట్టకు తీసుకెళ్లింది. అక్కడ మోకాలెత్తు కొర్రచేను పండుతూ ఉంది. మంచె మీద ఓబుళమ్మ అనే పిల్ల వడిసెలతో పిట్టలను తోలుతోంది. రాకుమారుడు తన రాజ్యం గోడు చెప్పుకుని విత్తనం అడిగాడు.

“విత్తనం అడిగినోళ్లకు లేదనే అలవాటు మాకు లేదు దొరా. అయితే ఎవురి విత్తనం వాళ్లే ఏరుకోవాల” అంది ఓబుళమ్మ.

మొదటిరోజు రత్నాంగుడు పల్లంలోని లావుపాటి కంకులు కోశాడు. ఆమె వాటిని తిండిగింజల్లో పడేసింది. రెండోరోజు అందరికన్నా పొడుగ్గా ఎదిగిన కంకులు కోశాడు. అవీ తిండిగింజల్లోకే పోయాయి. అన్నలు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. మూడోరోజు కొడవలి పక్కన పెట్టి మిట్టమధ్యాహ్నం దాకా గట్టున కూర్చున్నాడు. ఎండకు చేనంతా వాడింది. రాళ్ల అంచున మాత్రం నాలుగు పొట్టి మొక్కలు వాడలేదు. వాటి కంకులు చిన్నవే, కానీ ముందే పండాయి. అవి కోసి తెచ్చాడు.

“అవీ విత్తనాలంటే! మా జేజమ్మల కాలంలో కొర్ర మనిషెత్తు ఉండేదంట. ఏటేటా బెట్టకు నిలిచిందాన్నే ఏరుకుంటూ వచ్చినాం, ఇట్లా అయింది” అంది ఓబుళమ్మ.

తూము కింది మడి గుర్తొచ్చి రత్నాంగుడు సిగ్గుపడ్డాడు. ఆమె అలాంటివే ఏరి దాచిన గింజలతో గంప నింపి, “నువ్వొకడివే పోతే మళ్లీ లావువే ఏరుతావు” అని తానూ బయల్దేరింది. చిలకా వెంటే వచ్చింది. దానిలో ఉన్న తన ప్రాణం మీది భయంతో జటాలుడు మళ్లీ ఎవరి జోలికీ పోలేదు.

ఇంటికొచ్చేసరికి రాజు మూడు రోజులుగా పస్తులున్నాడు. చెయ్యి గంపలో పెట్టాడు.

“వండించు నాయనా. పిల్లలు కూడా ఆకలితో ఉన్నారు.”

“వండితే ఒక్కపూట నాన్నగారూ” అన్నాడు రత్నాంగుడు.

రాజు గింజల వైపు చూశాడు. తర్వాత చెయ్యి తీసి, తన తలపాగా విప్పి గంప మూతికి వాసెన కట్టాడు. ఆకులూ దుంపలూ తిని అందరూ ఓర్చుకున్నారు. ఒకే ఒక్క జల్లు పడింది. విత్తారు. మూడు నెలలు తిరిగేసరికి సిరిమడుగులో కొర్ర పండింది. వెళ్లిపోయిన జనం తిరిగొచ్చారు.

ఆ కొత్త కొర్రన్నంతోనే రత్నాంగుడికీ ఓబుళమ్మకూ పెళ్లి. పంక్తిలో మొదటి ముద్ద నోటి దాకా తెచ్చిన ముసలిరాజు చెయ్యి ఆపి, “విత్తనం తీశారా అమ్మా?” అని అడిగాడు.

“తీసినాం మామా, రాళ్ల అంచువే” అంది కొత్తకోడలు. అప్పుడు తిన్నాడు.

వాళ్లు నిండు నూరేళ్లూ రాజ్యమేలారు. వానలు మళ్లీ వచ్చాయి, వరీ పండింది. అయినా ఆ మాట అడగకుండా ఆ రాజ్యంలో ఎవరూ కొత్తన్నం ముట్టలేదు.