చుక్క పెట్ట గడియ తీయమన్న రోజు

అనగనగా పల్నాడు వైపు, నాపరాళ్ల నేలలో ఒక చిన్న ఊరు ఉండేది పిల్లలూ. ఎండాకాలం వచ్చిందంటే అక్కడ పగటిపూట ఉత్త కాళ్లతో బయటికి రాలేం. ఆ ఊరి చివరింట్లో సైదమ్మ అనే ఆవిడ కోళ్లను పెంచుకునేది. వాటిలో ఒక నల్ల పెట్ట ఉండేది. మెడ మీద చిన్న తెల్ల మచ్చ ఉందని దానికి చుక్క అని పేరు పెట్టింది సైదమ్మ. ఈ కథ ఆ చుక్కదే.

చుక్కకు ఐదు పిల్లలు. దానికి తోడు ఆ పెరట్లో ఇంకా కొన్ని పెట్టలు ఉండేవి. అందరికన్నా పెద్దది బొల్లి. అది ముసలిదైపోయిందని అందరూ దాన్ని "అవ్వా" అని పిలిచేవారు. ఇక పుంజు పేరు డేగ. ఎర్రటి ఈకలు, పెద్ద తురాయి, అంతకన్నా పెద్ద గొంతు. ఆ పెరడంతా తనదే అన్నట్టు తిరిగేవాడు.

ఉగాది వెళ్లాక పెరట్లోకి ఒక ముంగిస రావడం మొదలైంది. రోజుకో గుడ్డు మాయమయ్యేది. సైదమ్మకు ఏం చేయాలో తోచలేదు. పక్క ఊళ్లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లి, కాపలాకు ఒక కుక్కను తెచ్చుకుంది. కొర్రల రంగులో ఉన్నాడని వాడికి కొర్రడు అని పేరు. ఐదు నెలలవాడు. ఒళ్లు పెరిగింది గానీ ఇంకా చిన్నపిల్లాడి బుద్ధే.

వాడు వచ్చిన మూడో రోజే ఘోరం జరిగింది.

చుక్క పిల్లల్లో ఒకటి తల్లిని వదిలి గోడవారగా పరుగెత్తింది. కదిలేదాన్ని చూస్తే కొర్రడికి ఆగదు. దాని వెంటపడ్డాడు. నోటితో పట్టుకున్నాడు. ఒకసారి విదిలించాడు. కింద పెట్టి, అది మళ్లీ పరుగెడుతుందని తోక ఊపుకుంటూ ఎదురుచూశాడు. అది మళ్లీ లేవలేదు.

చుక్క వచ్చి పిల్లను ముక్కుతో కదిపింది. మళ్లీ కదిపింది. తర్వాత కొర్రడి వైపు చూసింది.

"ఆడుకుందామనుకున్నా అక్కా," అన్నాడు కొర్రడు. వాడి తోక ఆగిపోయింది. "అది లేస్తుందనుకున్నా."

చుక్క మిగిలిన నాలుగు పిల్లలనూ రెక్కల కింద పెట్టుకుని అటు తిరిగి కూర్చుంది.

సైదమ్మ చాలా బాధపడింది. బాధతో పాటు భయం కూడా పట్టుకుంది. తాటాకు కప్పున్న పాత గూడు తీసేసి, గట్టిదని చెప్పి రేకులతో కొత్త గూడు కట్టించింది. మూడు పక్కలా రేకు, పైన రేకు, ముందు ఇనుప జాలీ తలుపు. తలుపుకు గడియ, గడియ ఊడకుండా అందులో ఒక చెక్క పుల్ల. కోళ్లు బయట ఉంటే కొర్రడు తాడుకు ఉండాలి. కొర్రడు బయట ఉంటే కోళ్లు గూట్లో ఉండాలి. అదీ ఆ ఇంటి కట్టుబాటు.

అయితే ఆమె కొర్రణ్ణి వదిలేయలేదు. రోజూ పొద్దున్నే తాడు పొట్టిగా పట్టుకుని, వాణ్ణి కోళ్ల మధ్య కూర్చోబెట్టుకునేది. కోడి కదిలినప్పుడు వాడు ముందుకు దూకబోతే, "వద్దురా" అని తాడు లాగేది. ఊరికే కూర్చుంటే జొన్నరొట్టె ముక్క పెట్టేది. మొదటి పది రోజులూ వాడికి రొట్టె దొరికింది తక్కువ. నెల తిరిగేసరికి, కోడిపిల్ల దగ్గరికి వస్తే వాడే తల పక్కకు తిప్పుకునేవాడు.

ఇదంతా పట్టించుకుని చూసింది చుక్క ఒక్కతే. చూడకుండా ఎలా ఉంటుంది? పిల్ల పోయిన తల్లి కదా, ఆ కుక్క మీద నుంచి కళ్లు తీసేది కాదు. ఒకరోజు తన పిల్ల ఒకటి కొర్రడి గిన్నెలోకి ఎక్కి మెతుకులు ఏరుకుంది. కొర్రడు ఆకలితో ఉన్నా వెనక్కి జరిగి, అది దిగేదాకా ఆగాడు. ఇంకోరోజు ముంగిస గోడ దిగితే, మెడ కోసుకుపోయేలా తాడు లాగుతూ మొరిగి దాన్ని తరిమేశాడు. చుక్క ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. మనసులో పెట్టుకుంది.

రోహిణి కార్తె వచ్చింది. కోడిపిల్లలు పావురాలంత అయ్యాయి. కొర్రడు కూడా బాగా ఎదిగాడు.

ఒకరోజు పొద్దున్నే, చెల్లెలికి ఒంట్లో బాగోలేదని సైదమ్మకు కబురొచ్చింది. "ఎండ ముదరకముందే వచ్చేస్తాలే," అనుకుని ఆమె కోళ్లను గూట్లో వేసి, లోపల నీళ్లు పెట్టింది. కొర్రడి తాడు విప్పింది. "ఒరేయ్, గూడు జోలికి వెళ్లావంటే ఊరుకోను," అని వేలు చూపించి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లిన ఆటో తిరుగు దారిలో ఆగిపోయింది. ఇంకొకటి వస్తుందేమోనని ఆమె రోడ్డు పక్కనే ఎదురుచూస్తూ ఉండిపోయింది. పది దాటింది. పదకొండు దాటింది. పొద్దున్న గూటి మీద ఉన్న కానుగ చెట్టు నీడ మెల్లగా జరిగి గోడ అవతలికి వెళ్లిపోయింది. ఎండ నేరుగా రేకు మీద పడింది.

లోపల పొయ్యిలో ఉన్నట్టే ఉంది. కోళ్లన్నీ నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. రెక్కలు ఒంటికి తగలకుండా విడదీసి పెట్టుకున్నాయి. డేగ ఒళ్లు కాలి ఒక్కసారి ఎగిరాడు. కాలు తగిలి నీళ్ల గిన్నె కాస్తా బోర్లా పడింది. ఆ తడి కూడా చూస్తుండగానే ఆరిపోయింది.

"అమ్మా, నీళ్లు," అన్నాయి పిల్లలు.

చుక్క జాలీ దగ్గరికి వచ్చింది. బయట కొర్రడు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"అక్కా, ఏమైంది? అందరూ అలా రొప్పుతున్నారేం?" అన్నాడు.

"చచ్చిపోతున్నాం కొర్రా. ఎవరినైనా పిలువు."

కొర్రడు గోడ దూకి పక్కింటికి పరుగెత్తాడు. తలుపు దగ్గర నిలబడి గొంతు పోయేలా మొరిగాడు. లోపల అంకమ్మ కూలర్ పెట్టుకుని పడుకుని ఉంది. చాలాసేపటికి కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. "ఛీ, పో! ఈ ఎండలో నీ గోలేంటి?" అంది అంకమ్మ. కిటికీ మూసుకుంది.

వాడు తిరిగి వచ్చాడు. పెరట్లో గిన్నెలు తోమే చోట నీళ్ల తొట్టి ఉంది. అందులోకి దూకి నిండా తడిసి, జాలీ దగ్గరికి వచ్చి ఒళ్లంతా విదిలించాడు. లోపలికి చినుకులు పడ్డాయి. పిల్లలు తడిసిన ఈకలు ముక్కుతో చప్పరించాయి.

"మీద పడుతున్నాడు! మీద పడుతున్నాడు!" అని అరిచాడు డేగ.

"పడట్లేదు బావా, నీళ్లు చల్లుతున్నాడు," అంది చుక్క.

కొర్రడు నాలుగైదుసార్లు అలాగే చేశాడు. కానీ ఆ చినుకులు ఏ మూలకు? రేకు వేడికి పడ్డవి పడ్డట్టే ఆవిరైపోయాయి. ఇంతలో బొల్లి అవ్వ పక్కకు ఒరిగిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి.

కొర్రడు గడియ వైపు చూశాడు.

"అక్కా, ఆ పుల్ల నేను పళ్లతో లాగేయగలను. లాగితే తలుపు తెరుచుకుంటుంది. కానీ గూడు జోలికి వెళ్లొద్దని అమ్మ చెప్పింది. మీకూ నేనంటే భయం. నువ్వు తీయమంటేనే తీస్తా."

గూట్లో గొడవ మొదలైంది.

"వద్దు!" అన్నాడు డేగ, రొప్పుతూనే. "చుక్కా, నీకు మతిపోయిందా? నీ పిల్లను చంపినవాడు వాడు. తలుపు తీస్తే మనలో ఒక్కరు కూడా మిగలరు."

"చంపాడు," అంది చుక్క. "అది నాకన్నా ఎవరికి ఎక్కువ తెలుసు బావా?"

"మరి తెలిసీ ఎలా నమ్ముతావు?"

చుక్క ఒరిగిపోయిన అవ్వను చూసింది. నాలుగు పిల్లలనూ చూసింది. ఆ ఐదోది లేస్తుందేమోనని ముక్కుతో కదిపిన క్షణం గుర్తొచ్చింది. తీయమంటే ఉన్న నలుగురూ పోవచ్చు. తీయొద్దంటే ఇంకాసేపటికి ఎలాగూ పోతారు.

"ఆ రోజు వాడు చేసింది చూశాను," అంది చివరికి. "ఆ తర్వాత రెండు నెలలు ప్రతిరోజూ వాడు చేసింది కూడా చూశాను. మీరెవరూ చూడలేదు. నేను చూశాను." జాలీ దగ్గరికి ముఖం పెట్టింది. "కొర్రా, మేం బయటికి వస్తే నువ్వేం చేస్తావు?"

కొర్రడు ఆలోచించాడు. "అదిగో, ఆ దూరపు గోడ దగ్గరికి వెళ్లి, గోడ వైపు ముఖం పెట్టి పడుకుంటా. నువ్వు పిలిచేదాకా ఇటు చూడను."

"తీయి," అంది చుక్క.

కొర్రడు పుల్లను పళ్లతో పట్టి లాగాడు. రాలేదు. కాళ్లు నేలకు తన్ని మళ్లీ లాగాడు. మూడోసారికి పుల్ల ఊడింది, గడియ జారి తలుపు కిర్రుమంది. వాడు వెనక్కి కూడా చూడకుండా వెళ్లి, చెప్పినట్టే గోడ వైపు ముఖం పెట్టి పడుకున్నాడు. కాలుతున్న నేల మీదే.

ముందు చుక్క దిగింది. వెనకాల పిల్లలు. కొర్రడు కదలలేదు. చుక్క వాళ్లను తొట్టి పక్కకు తీసుకెళ్లింది. తొట్టిలోంచి చిందిన నీళ్లకు అక్కడ నేల బురదగా, చల్లగా ఉంది. పిల్లలు నీళ్లు తాగి బురదలో పొట్ట ఆనించి కూర్చున్నాయి. అది చూసి మిగిలిన పెట్టలు కూడా ఒక్కొక్కటే పరుగెత్తుకొచ్చాయి. డేగ మాత్రం గూటి గుమ్మంలో నిలబడిపోయాడు. బొల్లి అవ్వ లోపలే ఉంది. లేవలేకపోతోంది.

చుక్క వెళ్లి అవ్వను నెట్టింది. కదిలించడం దాని వల్ల కాలేదు. అప్పుడు ఇంతకుముందు తను కలలో కూడా అనుకోని మాట అంది.

"కొర్రా, రా. అవ్వను నువ్వే నోటితో మోసుకురావాలి."

కొర్రడు లేచాడు, కానీ అడుగు పడలేదు. "నోటితోనా? అక్కా, నా వల్ల కాదు. మళ్లీ ఏమైనా అయితే?"

"మెల్లగా పట్టుకో. విదిలించకు. నేను పక్కనే ఉంటా."

వాడు గూట్లోకి తల పెట్టాడు. పచ్చి గుడ్డును పట్టుకున్నట్టు బొల్లిని రెక్కల దగ్గర పట్టుకున్నాడు. బయటికి వచ్చాడో లేదో, డేగ చూశాడు. కుక్క నోట్లో అవ్వ! ఇంకేం ఆలోచించలేదు. ఉన్న ఓపికంతా కూడగట్టుకుని ఎగిరి కొర్రడి ముఖం మీద కాలి ముల్లుతో తన్నాడు. కంటి కింద చర్మం చీరుకుపోయింది.

కొర్రడు మూలిగాడు. పళ్లు బిగించలేదు. అవ్వను వదల్లేదు. డేగ మళ్లీ తన్నాడు. కొర్రడు కళ్లు గట్టిగా మూసుకుని, చుక్క కొక్కరింపు వినపడే వైపు నడుచుకుంటూ వెళ్లి, బురదలో బొల్లిని మెల్లగా దింపాడు. తర్వాత తొట్టిలో తల ముంచి, నోట్లోంచి కారే నీళ్లు అవ్వ ముక్కు మీద పడేలా వంగాడు.

ఎంతోసేపటికి బొల్లి గొంతు కదిలింది. ఒక గుక్క మింగింది. ఒక కన్ను తెరిచింది.

"ఎవర్రా అది?" అంది.

"నేనే అవ్వా, కొర్రణ్ణి."

"నీడగా ఉంది. అలాగే నిలబడు నాయనా," అని బొల్లి మళ్లీ కన్ను మూసుకుంది. ఈసారి నిద్రకు.

డేగ అక్కడే నిలబడి ఇదంతా చూశాడు. వచ్చి బురదలో ఒక పక్కగా కూర్చున్నాడు. "నా ముల్లు కంటికి తగల్లేదు కదరా?" అని మాత్రం అడిగాడు.

"లేదు మామా. కింద తగిలింది."

పొద్దు వాలుతుండగా సైదమ్మ నడుచుకుంటూ, ఏడ్చుకుంటూ వచ్చింది. దారి పొడుగునా ఆమెకు రేకుల గూడే కళ్ల ముందు ఉంది. పెరట్లోకి వచ్చి చూస్తే గూడు తెరిచి ఉంది, లోపల ఖాళీ. ఆమె అక్కడే కూలబడింది. అప్పుడు తొట్టి వైపు నుంచి కోడిపిల్ల కూత వినిపించింది. చూసింది. కోళ్లన్నీ బురదలో ఉన్నాయి. వాటికి ఎండ తగలకుండా కొర్రడు అడ్డంగా నిలబడి ఉన్నాడు. వణుకుతున్న కాళ్లతో, నాలుక వేలాడేసుకుని.

ఆమె ఒక్కొక్కదాన్నీ ముట్టుకుని చూసింది. అందరూ ఉన్నారు. "తప్పు నాదేరా," అంది కొర్రడి మెడ పట్టుకుని. "భయపడి రేకు గూడు కట్టించింది నేనే. ఈ ఎండల్లో రేకేమిటని ఆలోచించనే లేదు."

ఆమె వాడి గాయం కడిగి పసుపు పెట్టింది. కోళ్లకు చల్లటి మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు పెట్టింది. మర్నాడే రేకులు పీకించి పైన మందంగా తాటాకు కప్పించింది, గాలి ఆడేలా పక్కలకు జాలీ కొట్టించింది. చెట్టు కింద రెండు మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టడం మొదలుపెట్టింది. కొర్రణ్ణి కూడా ఒక్కసారే వదిలేయలేదు. ముందు తను పక్కన ఉండగా తాడు విప్పింది, తర్వాత కాసేపు, తర్వాత పూటంతా. వానలు పడేనాటికి ఆ తాడు బట్టలు ఆరేసుకోవడానికే పనికొచ్చింది.

కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం, అందరూ తేరుకున్నాక, చుక్క కొర్రడి దగ్గరికి వెళ్లింది.

"అక్కా, నన్ను క్షమించావా?" అని అడిగాడు కొర్రడు.

"నా పిల్లను నేను మర్చిపోలేను కొర్రా. మర్చిపోయానని అబద్ధం చెప్పను," అంది చుక్క. "కానీ ఇవాళ నువ్వు చేసింది కూడా మర్చిపోలేను. రెండూ నాకు గుర్తుంటాయి."

కొర్రడు తల వంచుకున్నాడు. "అది చాలక్కా," అన్నాడు.

చుక్క వెనక్కి వెళ్లిపోలేదు. పిల్లలను పిలిచింది. కొర్రడికి జానెడు దూరంలో నేల గీకి గుంట చేసుకుని, రెక్కలు వాల్చి, వాడికి వీపు పెట్టి కూర్చుంది. వెనక కుక్క ఉందని మెడ తిప్పి చూడకుండా అది కూర్చోవడం అదే మొదటిసారి.

నీతి: ఒకరిని ఒక్క రోజు చేసిన తప్పుతోనే కాదు, ఆ తర్వాత ప్రతిరోజూ వాళ్లు నడుచుకున్న తీరుతో కూడా తూచాలి. తప్పు చేసినవాళ్లు నమ్మకాన్ని అడిగి కాదు, ఓపిగ్గా నడుచుకుని సంపాదించుకోవాలి.