టీవీ పిల్లకు ఒడిబియ్యం

బాలలింగం గురువుగారిని ఏదైనా అడిగితే ఆ పూట జవాబు దొరికేది కాదు. "రేపు రా నాయనా" అనేవారు. రేపు వెళ్తే, చెప్పులు తొడుక్కుని ఎటో బయలుదేరేవారు. అడిగినవాడు వెనకాలే నడవాలి. అలా నడిచి బాగుపడ్డవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. వాళ్లలో కేదారి సంగతి చెప్తాను, కాస్త దగ్గరికి జరిగి వినండి.

కేదారి హైస్కూల్లో లెక్కల మాస్టారు. మంచివాడు. హాస్టల్లో పెరిగిన అనాథ పిల్ల రజితను, ఎవరినీ ఏమీ అడగకుండా, గుళ్లో దండలు మార్చుకుని పెళ్లి చేసుకున్నాడు. ఏడేళ్లయింది. ఇంట్లో దేనికీ లోటు రానివ్వలేదు. ఒక్కటి మాత్రం అతనికి మింగుడుపడలేదు. అదే ఒకనాడు గురువుగారి ముందు పెట్టాడు.

"గురువుగారూ, ఇంట్లో టీవీ ఉండగా నా భార్య రోజూ మధ్యాహ్నం మా వీధిలోని ఓదెవ్వ ఇంటికి పోతుంది. అక్కడ బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య కూచుని సీరియల్ చూసి, కళ్లు ఉబ్బించుకుని వస్తుంది. సినిమాకు తీసుకెళ్లినా ఇంతే. నవల చేతికిస్తే చివరి పేజీలు తడిసిపోతాయి. తన కష్టమేమిటో ఒక్కనాడు నోరు విప్పి చెప్పదు. లేని మనిషి కోసం మాత్రం ఏడుస్తుంది! ఇది అజ్ఞానం కాదా? మీరైనా ఒక మాట చెప్పండి."

గురువుగారు అంతా విని, "రేపు స్కూలు సెలవే కదా? రెండింటికి రా నాయనా" అన్నారు.

మర్నాడు ఇద్దరూ ఓదెవ్వ ఇంటికి వెళ్లారు. ముందుగదిలో పదిమంది ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. టీవీకి ఎదురుగా రజిత. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. గురువుగారు గుమ్మం పక్కన పీట మీద కూర్చున్నారు, కేదారి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, మీరు గూడ సీరియల్ జూస్తరా?" అని వాళ్లలో లచ్చవ్వ అనే ఆవిడ నవ్వింది.

"నిన్నటిదాకా ఏమైందో చెప్తే చూస్తానమ్మా."

చెప్పింది. పురాణం చెప్పినంత శ్రద్ధగా, విడాకుల దగ్గర్నించి విషం పాలదాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

ఆనాటి ఘట్టం ఒడిబియ్యం. మా వైపు పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి కుడుకలు, రవికెగుడ్డ ఆమె కొంగులో పోస్తారు. నీ వెనక మేమున్నామని ఊరందరి ముందూ చెప్పడమన్నమాట. సీరియల్లో నలుగురు కోడళ్లకు పోశారు. చివర కూర్చున్న చిన్నకోడలికి తల్లీ లేదు, తండ్రీ లేడు. అయినా కొంగు పట్టుకుని కూర్చుంది. "దీనికెవరు పోస్తారు, గాలా?" అంది టీవీలో అత్తగారు.

గదిలో బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి.

"అగో, గా పొల్లను జూడుండ్రి! ఉత్త కొంగు వట్టుకోని కూసున్నది" అంటూ డెబ్బై ఏళ్ల ఓదెవ్వ చాట పక్కకు నెట్టి లేచింది. లోపలికి పోయి, గిన్నెనిండా బియ్యంలో పసుపు కలుపుకుని వచ్చింది. వచ్చి నేరుగా టీవీ ముందుకు నడిచింది.

"అత్తా! టీవీ మీద వోస్తవా ఏంది? షాక్ కొడ్తది!" అని కోడలు అరిచింది.

"మరెవలు వోస్తరే? ఇంతమంది ఆడోళ్లం ఉండి ఉత్తగ జూసుకుంట కూసుందామా?"

"చూశారా గురువుగారూ!" అని కేదారి నవ్వాడు. గురువుగారు వేలితో రజిత వైపు చూపించారు.

రజిత తన కొంగును రెండు చేతులతో ఒళ్లో పరుచుకుని ఉంది. టీవీలో పిల్ల ఎలా పట్టుకుందో అచ్చం అలా. అలా పట్టుకున్నట్టు ఆమెకే తెలియదు. ఏడేళ్లుగా వీధిలో ఎవరింట ఒడిబియ్యమైనా ఏదో పని చెప్పి తప్పుకున్న పిల్ల. ఎందుకు తప్పుకుంటుందో భర్తతో సహా ఎవరూ అడగలేదు.

గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగిన ఓదెవ్వ ఒకసారి టీవీని, ఒకసారి రజితను చూసింది.

"నీకెవలు వోసిండ్రు బిడ్డా?"

రజిత తల అడ్డంగా ఊపింది.

"ఏడేండ్లల్ల? ఒక్కపారి గూడ?"

మళ్లీ అడ్డంగానే ఊపింది.

"ఓ లచ్చవ్వా, ఏం జూస్తున్నవే, పీట ఎయ్యి!"

ఇక చూడాలి! గురువుగారే లేచి తన పీట అందించారు. ఓదెవ్వ గిన్నె ఒంపింది. మిగిలినవాళ్లు ఇళ్లకు పరుగెత్తారు. ఒకరు సన్నబియ్యం, ఒకరు రేషన్‌బియ్యం తెచ్చారు. పసుపు కలిపాక ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. లచ్చవ్వ తన కూతురి కోసం దాచిన కొత్త రవికెగుడ్డ తెచ్చి పెట్టింది. కొంగు సరిపోక నడుముకు ఇంకో చీర కట్టారు. సీరియల్ దారిన సీరియల్ నడుస్తోంది, చూసే దిక్కు లేదు.

"ఏమయ్యా అల్లుడా!" అంది ఓదెవ్వ, గోడ దగ్గర కొయ్యబారిపోయిన కేదారితో. "ఏడేండ్లకు అత్తగారింటికి తొవ్వ దొరికిందా? పిల్ల మొయ్యలేకపోతున్నది, జర చెయ్యి ఎయ్యరాదు?"

కేదారి వచ్చి మూట కింద చెయ్యి వేశాడు. రెండో చేత్తో కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"సారూ, కండ్లల్ల పొగాకు వడ్డదా?" అంది లచ్చవ్వ.

"జరుగుండ్రి, జరుగుండ్రి! మా బిడ్డ అత్తగారింటికి పోతున్నది!" అని ఓదెవ్వ ముందు నడిచింది. పదిమంది తల్లులు వెనక నడిచారు. కిరాణా కొట్టులో బేరం ఆగింది, ఆటో ఒకటి పక్కకు తప్పుకుంది. మధ్యలో రజిత, తడిసిన మొహంతో నవ్వుతూ, భర్త చెయ్యి ఆసరాగా ఒడి బరువు మోసుకుంటూ. నేను రథోత్సవాలు చూశాను, బోనాలు చూశాను. ఆనాడు ఆ వీధిన నడిచింది అమ్మవారు కాదంటే మాత్రం ఒప్పుకోను.

మరునాడు ఆ బియ్యమే వండి, పోసినవాళ్లందరినీ పిలిచి పెట్టారు, ఆనవాయితీ ప్రకారం. కేదారి స్వయంగా వడ్డించాడు. గురువుగారి విస్తరి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "గురువుగారూ, నేనడిగిన దానికి జవాబు..." అన్నాడు.

గురువుగారు పసుపుపచ్చటి అన్నాన్ని కళ్లకద్దుకున్నారు.

"అది సరే నాయనా. ఆ టీవీ పిల్లకు ఒక ముద్ద తీసిపెట్టావా?"