కాల్చని తీగ

ప్రశ్న అడిగితే విశ్వరూపాచారి గారు జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్ళందరూ ఏదో ఒక రోజు ఆ చెప్పుల వెనక నడిచినవాళ్ళే.

ఆ రోజు అడిగింది సుభాషిణి. నలభై మూడో ఏట ఆయన ప్రయోగశాలలో చేరింది. చేరడానికి కారణం కూతురు హిమజ. ఆ పిల్లకి పుట్టు చెవుడు. రెండో ఏట చెవి లోపల ఇంప్లాంట్ పెట్టించారు. పన్నెండేళ్ళు అమ్మ గొంతు విన్నది. ఆ తరువాత మాటలు మసకబారాయి. ఇంప్లాంట్ తీగ చుట్టూ ఒళ్ళు గట్టి మచ్చకండతో గోడ కట్టుకుందన్నారు డాక్టర్లు. దసరా వెళ్ళిన మర్నాడు హిమజ చెవి వెనక యంత్రం తీసి సొరుగులో పెట్టేసింది. స్నేహితులతో ఇప్పుడు చేతులతోనే మాట్లాడుతుంది. "అమ్మా" అని తనంతట తాను పిలిచి నాలుగు నెలలు.

"సార్, మన ల్యాబు గాజు పళ్ళేల్లో రోజూ చూస్తున్నాను. మెత్తటి జెల్ మీద రక్షక కణాలు తమ దారిన తాము తిరుగుతాయి. అదే జెల్ బిరుసుగా చేస్తే చాలు, ఒళ్ళు విరుచుకుని యుద్ధానికి దిగుతాయి. మా పిల్లకి పెట్టింది మేలిమి ప్లాటినం. విషం లేదు, తుప్పు లేదు. మేలు చేయడానికి వచ్చినదాన్ని ఒళ్ళు ఎందుకు వెలివేయాలి?"

ఆచారి గారు చెప్పులు వేసుకున్నారు.

ప్రయోగశాల వెనక సందులో ఆయన తమ్ముడు మౌనయ్య కంసాలి పని చేస్తాడు. "అన్న మళ్ళా పాఠం నా నెత్తిన పెట్టను వచ్చినాడు" అని నవ్వి పీట జరిపాడు. ఎదురుగా ఒక అవ్వ, ఆమె ఒళ్ళో అయిదేళ్ళ మనవరాలు. చెవులు కుట్టించి పది రోజులైందట. ఎడమ చెవి తమ్మె ఎర్రగా వాచింది. చిల్లిలో పెట్టిన బంగారు తీగ చుట్టూ కండ గట్టిపడి ఉంగరంలా లేచింది.

మౌనయ్య తీగని వేలితో కదిపాడు. "కమ్మచ్చులో లాగి అట్లే పెట్టినారే! కాల్చలేదా?"

కమ్మచ్చు పలకలోని సన్నని రంధ్రంలోంచి లాగిన బంగారం బిరుసెక్కుతుంది. ఒకసారి ఎర్రగా కాల్చి చల్లారిస్తేనే మెత్తబడుతుంది. కంసాలి ఇళ్ళలో అది పసిపిల్లలకీ తెలుసు.

అవ్వ తల దించుకుంది. "కుట్టినాయన కాలుస్తాననే చెప్పె. నేనే వద్దంటి. మెత్తగుంటే ఆటల్లో ఊడిపోతాది, చిల్లి పూడిపోతాదని."

"బాగుంది. బిడ్డ చెవిలో దుడ్డుకర్ర పెట్టుకోని తిరుగుతాండాది."

తీగ తీస్తుంటే పిల్ల "అవ్వా!" అని కేక పెట్టింది. ఒక్క కేక. హిమజ తనని అలా పిలిస్తే చాలుననుకుంది సుభాషిణి, కోపంతోనైనా సరే.

మౌనయ్య వేడినీళ్ళతో తమ్మె తుడిచాడు. తీగని కాల్చాడు, నీళ్ళలో వేశాడు, కొబ్బరినూనె రాశాడు. అదే తీగ, అదే చిల్లి.

"ఇంగా పెట్టలేదా?" అని తల తిప్పింది పిల్ల. తలతోబాటు తీగ కూడా వంగి ఊగింది.

తిరిగి వస్తూ సుభాషిణి సందు మలుపులో ఆగింది.

"మా పిల్ల చెవి లోపలున్న తీగని తీసి కాల్చలేం కదా సార్."

"లేం" అన్నారాయన. కొంచెం నడిచి, "అమ్మాయి చేతులతో మాట్లాడుతుందన్నావు. ఆ భాష నీకు వచ్చునా?"

"రాదు సార్. నేర్చుకోలేదు. రోజూ పొద్దున సొరుగులోంచి ఆ యంత్రం తీసి, గంటసేపు పెట్టి నోటితో పలికిస్తాను. ఏడ్చినా వదలను." ఆమె గొంతు తగ్గింది. "చేతులకి నేను సరే అంటే, ఆ కాస్త మాట కూడా పోతుందేమోనని."

ఆచారి గారు వెనక్కి తిరిగి సందు వైపు చూశారు.

"ఊడిపోతుందనేనమ్మా, ఆ అవ్వ కూడా కాల్చవద్దంది."